ఆరు కోట్ల నుక్తాలు

ఈ శీతాకాలంలో మేము హైదరాబాదుకు వెళ్ళింది విహారం కోసం కాదు. నల్లగొండలో మూడేళ్ళపాటు మరొకరి దగ్గర నిఖాలకూ వలీమాలకూ ఫొటోలు తీస్తూ పని నేర్చుకున్న మా అబ్బాయి ఇక సొంతంగా నిలబడదలచుకున్నాడు. అందుకు కావలసిన కెమెరానూ లెన్సునూ కొనడానికి కుటుంబమంతా నగరానికి చేరాము. రెండూ కలిసి మూడు లక్షలు దాటాయి. దుకాణంవారు వాయిదాల పద్ధతి చూపించారు. అందులో వడ్డీ ఉన్నందున మేము ఒప్పుకోలేదు. బంధువుల మధ్య వేలం లేకుండా నడిచే చీటీలో రెండేళ్ళుగా కట్టిన సొమ్ము, టోలీచౌకీలో ఉంటున్న మా అమ్మాయీ అల్లుడూ ఖర్జె హసనాగా ఇచ్చిన మొత్తం, అబ్బాజాన్ తన పెట్టెలోంచి తీసి ఇచ్చిన పదిహేను వేలు కలిపి ఒకేసారి చెల్లించాము. ఆ పదిహేను వేలు దేనికోసం దాచుకున్నారని అడిగితే, "ముసలివాడికి ఖర్చులేముంటాయి!" అని నవ్వి ఊరుకున్నారు.

రసీదు మీద ఒక షరతు ఉంది. లోపం ఏదైనా కనబడితే ఏడు రోజుల్లోగా తెచ్చి మార్చుకోవచ్చు. ఆ తరువాత వారికి బాధ్యత లేదు. కాబట్టి నల్లగొండ బస్సు ఎక్కకముందే దాన్ని ఆరుబయట క్షుణ్ణంగా పరీక్షించుకోవడం మాకు అవసరమైంది.

ఆ కెమెరా ఒక్కో చిత్రంలో 6 కోట్లకు పైగా బిందువులను నమోదు చేస్తుంది. అడ్డంగా 9504, నిలువుగా 6336. అంగుళానికి 300 బిందువుల చొప్పున అచ్చు వేస్తే ఆ చిత్రం 31 అంగుళాలకు పైగా వెడల్పు వస్తుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. అయితే పెట్టె మీద అచ్చువేసిన ఈ అంకె ఒక వాగ్దానం మాత్రమే. లెన్సు సరిగా లేకపోయినా, చేయి వణికినా, నడుమనున్న గాలి కదిలినా ఆ ఆరు కోట్ల బిందువులూ ఆరు కోట్ల మసకచుక్కలై మిగులుతాయి.

ముందురోజు రాత్రి మా అమ్మాయి ఇంట్లో గోడకు వార్తాపత్రిక అంటించి కొన్ని ఫొటోలు తీశాడు. బాగానే వచ్చాయి. కాని ట్యూబులైటు కింద, నాలుగడుగుల దూరంలో నెగ్గినది ఎండలో నిలుస్తుందని చెప్పలేము. మరి ఎక్కడికి వెళ్ళాలి? అల్లుడు ట్యాంక్‌బండ్ అన్నాడు, అమ్మాయి చార్మినార్ అంది. అబ్బాజాన్ మాత్రం, "సాత్ గుంబద్‌కు పోదాం. అక్కడి నల్లరాళ్ళ మీద సన్నని రాత ఉంటుంది. మీ కెమెరా దాన్ని చదవగలిగితే ఏదైనా చదువుతుంది" అన్నారు. ఆయన నలభై ఏళ్ళు దర్జీపని చేసిన మనిషి. యౌవనంలో కార్వాన్‌లో పని నేర్చుకునే రోజుల్లో సెలవు దొరికితే అక్కడికి నడిచివెళ్ళి ఆ రాతలను కూడబలుక్కుంటూ చదివేవారట.

టోలీచౌకీ నుంచి అది కొద్ది నిమిషాల దారి. గేటు తెరిచే వేళకు చేరుకొని, టికెట్లతో పాటు కెమెరా రుసుము చెల్లించి, ట్రైపాడ్‌కు అనుమతి అడిగి లోపలికి వెళ్ళాము. సమాధుల నేల మీద అడుగు పెట్టగానే అబ్బాజాన్ ఆగి, అక్కడ శయనించినవారికి సలాం చెప్పారు. మేమూ చెప్పాము.

1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల సమాధులివి. చతురస్రాకారపు అరుగు, దాని మీద తోరణాల వరుస, ఆపైన తామరరేకుల నుంచి లేచినట్లుండే గుమ్మటం. అన్నింటి పోలికా ఒకటే అయినా ఏ రెండూ ఒకటి కావు. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా గుమ్మటం 42 మీటర్లకు పైగా ఎత్తున నిలిచి దూరానికే కనబడుతుంది. ఇబ్రాహీం కుతుబ్ షా సమాధి గోడ మీద ఒకనాటి రంగు పలకల తునకలు ఇంకా అతుక్కొని ఉన్నాయి. ఈ వంశపు చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు మాత్రం ఇక్కడ చోటు దక్కలేదు. మొఘలుల బందీగా మరణించిన ఆయన సమాధి ఔరంగాబాదు సమీపంలోని ఖుల్దాబాదులో ఉంది.

2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఇక్కడ మరమ్మతులు చేపట్టాయి. గతంలో పూసిన సిమెంటును ఒలిచివేసి, పూర్వం వలెనే సున్నపు గచ్చు వేశారు. అదే ఏడాది వానలకు కూలిన బడీ బావ్‌లీని మళ్ళీ నిలబెట్టారు. ఆ పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది. పిల్లల చేత ఆ బావిమెట్లు చూపించి, అక్కడ నీడలోనూ ఎండలోనూ రెండేసి ఫొటోలు తీయించి, అసలు పనికి బయలుదేరాము.

ఒక గుమ్మటం అరుగు మీద, ఆకాశం కిందనే ఉన్న నల్లరాతి సమాధి ఒకటి మా అబ్బాయికి నచ్చింది. దాని పక్కరాతి మీద పట్టీలుగా అరబీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. వెలుగు ఏటవాలుగా పడుతూ ఉండడం వల్ల ప్రతి అక్షరానికీ ఒక వైపు సన్నని నీడ ఏర్పడింది. పదును పరీక్షించడానికి ఇంతకంటె తగిన వెలుగు ఉండదు. వెలుగు రాతికి సూటిగా ఎదురుగా పడితే నీడలు మాయమై రాయంతా చదునుగా కనిపిస్తుంది.

అతడు పదిహేను గజాల దూరంలో ట్రైపాడ్ నిలిపాడు. ఆ 50 మిల్లీమీటర్ల లెన్సుతో అంత దూరం నుంచి తీస్తే, చిత్రంలోని ఒక్కో బిందువు రాతి మీద సుమారు ఒక మిల్లీమీటరు చోటును పట్టుకుంటుందని లెక్క చెప్పాడు. అరబీ లిపిలో బే, తే, సే అక్షరాలకు ఆకారం ఒక్కటే. కింద ఒక నుక్తా ఉంటే బే, పైన రెండుంటే తే, మూడుంటే సే. ఈ రాతి మీది జంట నుక్తాల నడుమ బియ్యపు గింజ మందం సందు మాత్రమే ఉంది. కెమెరా ఆ సందును చూపగలిగితే పదును ఉన్నట్లు. రెండు నుక్తాలు కలిసి ఒకటిగా కనబడితే లేనట్లు. ఇంతకంటె సులువైన కొలత మాకు తోచలేదు. పదో శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన ఇబ్నె ముఖ్లా అక్షరాల పొడవులకు ప్రమాణంగా ఎంచుకున్నది కూడా ఈ నుక్తానే. కలం ఒక్కసారి ఒత్తితే పడే చుక్కతో ఆయన అలిఫ్ ఎత్తును కొలిచాడు.

మొదటి ఫొటో తీసి, కెమెరా వెనుకనున్న తెర మీద పై పట్టీని పెద్దది చేసి చూసిన మా అబ్బాయి ముఖం వాడిపోయింది. "ఒక్క నుక్తా కూడా రాలేదు. లెన్సులో ఏదో లోపముంది" అన్నాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ లేవు. దుకాణంలో పెట్టె ముందే విప్పి ఉన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఎవరో తిరిగి ఇచ్చినదాన్ని మాకు అంటగట్టారేమోనని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

అరుగు అంచున కూర్చున్న అబ్బాజాన్, "ఏ పట్టీ బేటా?" అని అడిగారు.

"కలిమా ఉన్న పట్టీ, దాదాజాన్."

ఆయన కూర్చున్న చోటు నుంచి లేవకుండానే నవ్వారు. "ఆరు కోట్ల నుక్తాల కెమెరా కొన్నావు గాని, కలిమాలో నుక్తా ఎక్కడుంటుందిరా? లా ఇలాహ నుంచి రసూలుల్లాహ్ దాకా చదువుకుంటూ పో. ఒక్కటి దొరికితే నాకు చెప్పు."

మేమందరం మనసులో చదువుకున్నాము. లామ్, అలిఫ్, హే, మీమ్, హే, దాల్, రే, సీన్, వావ్. నిజమే. పుట్టినప్పటి నుంచి పలుకుతున్న ఆ వాక్యంలో నుక్తా ఉన్న అక్షరం ఒక్కటీ లేదు. మా అబ్బాయి సిగ్గుపడి కింది పట్టీకి మళ్ళాడు. అది ఆయతుల్ కుర్సీ. అందులోని జంట నుక్తాలు తెర మీద విడివిడిగా, వాటి నడుమ నల్లని సందుతో సహా కనిపించాయి.

పదిహేను గజాల పరీక్షలో కెమెరా నెగ్గింది. తరువాత దగ్గరికి జరిగి, రెండు గజాల నుంచి లెన్సు ద్వారాన్ని బాగా తెరిచి తీశాడు. ఇప్పుడు చిత్రం ఎడమవైపు, మధ్యలో పదునుగా ఉండి, కుడివైపు చివర మసకబారింది. ఈసారి నుక్తాలు లేకపోవడం కాదు. ఉన్నవే ఉబ్బి కనబడుతున్నాయి. లెన్సులోని గాజుబిళ్ళల్లో ఏదైనా పక్కకు ఒరిగితే ఇలాగే జరుగుతుందని అతడు వివరించాడు. మాలో మళ్ళీ అనుమానం లేచింది. వెంటనే దుకాణానికి వెళదామని మేము అంటే, ఒక్క పరీక్ష మిగిలి ఉందన్నాడు.

అతడు కెమెరాను తలకిందులుగా బిగించి అదే రాయిని మళ్ళీ తీశాడు. లోపం లెన్సుదే అయితే, లెన్సు తిరిగింది కాబట్టి ఇప్పుడు మసక రాతి ఎడమ చివరకు మారాలి. మారలేదు. రాతి కుడి చివరనే ఉండిపోయింది. అంటే గాజుబిళ్ళ ఒరగలేదు. మేమే ఒరిగి నిలబడ్డామన్న మాట.

అప్పుడు అబ్బాజాన్ లేచి వచ్చి జేబులోంచి టేపు తీశారు. పని మానేసి ఎన్నేళ్ళయినా ఆయన జేబులో టేపు ఉండవలసిందే. దాని కొనను లెన్సు అంచు దగ్గర పట్టుకొని, మరో కొనను రాతి ఎడమ చివరకు, ఆపైన కుడి చివరకు లాగించారు. "ఎంతుందో నువ్వే చూసి చెప్పు" అని మనవడినే చదవమన్నారు. రెంటికీ అయిదంగుళాల తేడా వచ్చింది. "ఇంత వంకరగా గుడ్డ పరిచి కత్తెర వేస్తే షేర్వాణీ ఒక భుజం మీదే నిలబడుతుంది" అన్నారు. రెండు కొలతలూ సమానమయ్యేలా ట్రైపాడ్ జరిపి మళ్ళీ తీస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పదును వచ్చింది.

లెన్సు ద్వారాన్ని చిన్నది చేసుకుంటూ వరుసగా తీసిన చిత్రాల్లో మరొక సంగతి తెలిసింది. ఎఫ్ 5.6 దగ్గర, 8 దగ్గర నుక్తాల అంచులు అతి స్పష్టంగా ఉన్నాయి. 16కు వచ్చేసరికి అంతా కొద్దిగా మెత్తబడింది. ద్వారం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల వద్ద వంగి వెడల్పుగా వ్యాపిస్తుంది. ఒక చుక్క పడవలసిన చోట చిన్న బిళ్ళ పడుతుంది. బిందువులు ఎంత సన్ననివైతే ఈ వ్యాప్తి అంత తొందరగా బయటపడుతుంది. ఆ బిళ్ళ కొలతను 1835లో జార్జ్ ఎయిరీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త లెక్కగట్టాడు.

అయితే ద్వారానికీ స్పష్టతకూ ఉన్న సంబంధాన్ని అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే శ్రద్ధగా పరిశీలించిన వ్యక్తి ఒకరున్నారు. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి, ఖైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్. సూర్యగ్రహణ వేళ చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు నెలవంక ఆకారంలో ఎందుకు పడుతుంది, రంధ్రం పెద్దదైతే ఆ ఆకారం ఎందుకు చెదిరి గుండ్రమవుతుంది అన్న విషయం మీద ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. కంటి నుంచి వెలుగు వెళ్ళి వస్తువును తాకదు, వస్తువు నుంచి వచ్చే వెలుగు కంటిని చేరడం వల్లనే చూపు కలుగుతుందని కితాబుల్ మనాజిర్‌లో నిరూపించారు. కెమెరా అనే మాట అరబీ 'ఖమరా' నుంచి వచ్చిందని మన ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. అది సరి కాదు. ఆ మాట లాటిన్ భాషది, గది అని దాని అర్థం. ఆ మహనీయుని గొప్పదనానికి లేని వ్యుత్పత్తి ఆసరా అక్కరలేదు.

ఆయన తన పరీక్షలకు వాడిన అరబీ పదం 'ఇతిబార్'. ప్రయోగం చేసి నిర్ధారించుకోవడమని దాని భావం. అదే పదం ఉర్దూలోకి వచ్చి మన ఇళ్ళలో నమ్మకం అనే అర్థంలో స్థిరపడింది. ఆ ఉదయం ఆ రెండు అర్థాల మధ్య ఉన్న దారిలోనే మేము నడిచాము. విన్న మాటను విచారించుకోమనీ, లేనిపోని అనుమానాలకు దూరంగా ఉండమనీ సూరా అల్ హుజురాత్ మనకు బోధిస్తుంది. ఒక్క గంటలో మేము రెండుసార్లు ఆ దుకాణందారుని తప్పుపట్టాము. మొదటిసారి మా తొందర, రెండోసారి మా వంకర అతని మీద పడ్డాయి. పెట్టె ఎందుకు విప్పి ఉందంటే, కొనేముందు చూపించమని అడిగినది మేమేనని అబ్బాయి అప్పుడు గుర్తుచేశాడు.

మిట్టమధ్యాహ్నానికి ఆఖరి పరీక్ష. గోల్కొండ కోట శిఖరాన ఉన్న బారాదరి అక్కడి నుంచి కనబడుతుంది. రాగానే ఒకసారి దాన్ని తీసి ఉంచుకున్నాడు. అప్పటి చిత్రంలో తోరణాల గీతలు నిటారుగా ఉన్నాయి. ఇప్పుడు తీసిన దానిలో అవే గీతలు నీళ్ళ అడుగున ఉన్నట్లు వంకరపోయాయి. ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తూ వెలుగును అటూ ఇటూ వంచుతుంది. దీనికి ఏ లెన్సూ మందు కాదు. దూరపు దృశ్యాలను ప్రొద్దుటే తీసుకోవాలి, లేదా దగ్గరికి వెళ్ళాలి. ఈసారి ఎవరమూ దుకాణం మాట ఎత్తలేదు.

తిరిగి వచ్చి జుహర్ నమాజు, భోజనం ముగించుకొని, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చిత్రాలన్నీ చూశాము. ముహమ్మద్ కులీ గుమ్మటాన్ని దూరం నుంచి తీసిన చిత్రంలో అబ్బాయి మీటను నొక్కుతూ పెద్దది చేస్తుండగా, ఒక మూల చెట్టు నీడలో టిఫిను విప్పుకొని కూర్చున్న కుటుంబం కనబడింది. ఆ ఇల్లాలు ముఖం మీది ముసుగు తొలగించి బిడ్డకు అన్నం తినిపిస్తోంది. అక్కడ ఉన్నప్పుడు మాకు వారెవరూ కనబడలేదు. వారికీ మేము కనబడి ఉండము. మా అబ్బాయి ఒక్క క్షణం ఆగి ఆ ఫొటోను చెరిపివేశాడు. "ఇంకోటి ఉందిగా" అని మాత్రం అన్నాడు. నిఖా ఇళ్ళలో ఆడవారి నడుమ తిరగవలసిన వృత్తి అతనిది. చూపు దించుకోవడమన్నది ఇంత పదునైన కంటికి కూడా నేర్పవలసి ఉంటుందని అతనికి మేము చెప్పవలసిన పని లేకపోయింది.

చివరగా నల్లరాతి చిత్రం వచ్చింది. ఆయతుల్ కుర్సీ కింద, మేము అక్కడ గమనించని సన్నని ఫార్సీ పట్టీ ఒకటి ఉంది. రాజకుటుంబంలో ఎవరిదో పేరు కావచ్చు. మాలో ఫార్సీ అక్షరాలు పోల్చుకోగలిగినది అబ్బాజాన్ ఒక్కరే. ఆయనను తెర ముందు కూర్చోబెట్టాము.

ఆయన చాలాసేపు చూశారు. "కొంచెం పెద్దది చెయ్యి" అన్నారు. చేశాడు. "ఇంకొంచెం." చేశాడు. చివరకు ఒకే ఒక్క అక్షరం తెరంతా నిండింది. దాని మీద రెండు నుక్తాలు ఉసిరికాయలంత ఉన్నాయి. అబ్బాజాన్ వేలు ముందుకు చాచి, తెరను తడుముతున్నట్లు కదిపి, "ఇక్కడ ఒకటి ఉన్నట్లుంది" అన్నారు.

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. కలిమాలో నుక్తా లేదని ఆయన రాతిని చూసి చెప్పలేదు, కంఠస్థంగా ఉన్నదాన్ని తలచుకొని చెప్పారు. టేపు మీది అంకెలను మనవడి చేత చదివించినది ముద్దుకోసం కాదు. ఆ పెట్టెలోని పదిహేను వేలు దేనికోసమో మా అమ్మాయి అప్పుడు నెమ్మదిగా చెప్పింది. శుక్లం ముదిరిందని, ఆపరేషను చేయించుకోవాలని డాక్టరు చెప్పి ఆర్నెల్లయిందట. ఇంట్లో చెప్పవద్దని ఆమె చేత మాట తీసుకున్నారట.

"వాడి కన్ను ముందు బాగుండాలి" అన్నారు అబ్బాజాన్, కెమెరా వైపు చేయి చూపుతూ. "నా పని తొందరేమీ లేదు."

మేము రోజంతా ఒక గాజుబిళ్ళను పదిహేను గజాల నుంచి, రెండు గజాల నుంచి, తలకిందులుగా కూడా పరీక్షించాము. మా మధ్యనే కూర్చున్న పెద్దాయన కళ్ళలోని బిళ్ళలు మసకబారిన సంగతి ఆరు నెలలుగా గమనించలేదు. ఆయన ఖుర్ఆన్‌ను తెరిచి ముందు పెట్టుకొని పారాయణం చేస్తుంటే చదువుతున్నారనే అనుకున్నాము.

కెమెరాను మార్చుకోవలసిన అవసరం కలగలేదు. ఏడు రోజుల గడువు ఇంకా ఉండగానే రసీదును మడిచి పెట్టెలో పెట్టాము. నల్లగొండ ప్రయాణాన్ని మాత్రం వాయిదా వేసుకొని, మర్నాడు ఉదయం అబ్బాజాన్‌ను వెంటబెట్టుకొని కంటి ఆసుపత్రికి వెళ్ళాము. వరుసలో కూర్చున్నప్పుడు ఆయన మనవడితో, ఆ ఫార్సీ పట్టీ ఫొటోను చెరపవద్దని చెప్పారు. కట్టు విప్పాక ముందుగా దాన్నే చదువుతారట.